ఏం జరిగితే దారి మారుస్తాం?

(కొత్తగా సంస్థలు ప్రారంభించిన యువతకు ఏర్పాటైన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీరు చీటీల మీద రాసి ఇచ్చిన ప్రశ్నలన్నీ చదివాను. మాటలు వేరైనా సగానికి పైగా చీటీల్లో ఉన్న ప్రశ్న ఒకటే. "మేం తయారుచేసింది అనుకున్నట్టు నడవడం లేదు. ఇంకొన్నాళ్లు పట్టుదలగా ఉండాలా, దారి మార్చుకోవాలా?" దీనికి నేను ఇక్కడ నిలబడి అవుననో కాదనో చెప్పలేను. నాకే కాదు, మీ వ్యాపారం లోతుపాతులు తెలిసిన మీకు కూడా అది కష్టమే. ఎందుకంటే ఈ ప్రశ్న పుట్టే సమయానికి మన దగ్గర ఖర్చయిన డబ్బు ఉంటుంది, పడిన శ్రమ ఉంటుంది, నలుగురికీ చెప్పుకున్న మాట ఉంటుంది. ఏం జరిగితే మన అంచనా తప్పని ఒప్పుకుంటామో ముందుగా రాసిపెట్టుకున్న కాగితం మాత్రం ఉండదు. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ కాగితం గురించి.

ముందు ఒక అపోహ తొలగించుకుందాం. దారి మార్చిన సంస్థల కథలను మనం తలకిందులుగా వింటాం. ముందు విజయం తెలుస్తుంది, తర్వాత అక్కడికి చేరిన దారిని చెబుతారు. అందుకే ఆ దారి తిన్నగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ సంగతే చూడండి. "బర్బన్ అనే యాప్ నడవలేదు, ఫొటోల యాప్‌గా మార్చారు, 2012లో ఫేస్‌బుక్ 100 కోట్ల డాలర్లకు కొంటానని ముందుకొచ్చింది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. జరిగింది ఇంతకంటే నేర్చుకోదగినది. కెవిన్ సిస్ట్రమ్ తయారుచేసిన బర్బన్‌లో చాలా హంగులు ఉండేవి. ఎక్కడున్నామో చెప్పుకోవచ్చు, ఎక్కడికి వెళ్లబోతున్నామో మిత్రులకు తెలపవచ్చు, నలుగురు కలుసుకుంటే పాయింట్లు వస్తాయి, ఫొటోలు పెట్టుకోవచ్చు. 2010 మార్చిలో దానికి 5 లక్షల డాలర్ల పెట్టుబడి కూడా వచ్చింది. తర్వాత మైక్ క్రీగర్ వచ్చి చేరారు. ఇద్దరూ కూర్చుని వాడకం ఎలా ఉందో పరిశీలిస్తే, జనం మిగతా వాటి జోలికి పెద్దగా పోవడం లేదు, ఫొటోలు మాత్రం పెడుతున్నారు. అప్పుడు ఫొటోలను, వాటి కింద రాసే వ్యాఖ్యలను, లైకులను ఉంచి మిగతాదంతా తీసేశారు. 2010 అక్టోబరు 6న కొత్త యాప్ విడుదలైన మొదటి రోజే 25 వేల మంది చేరారు.

వాళ్లు కొత్త ఆలోచన కోసం ఎక్కడో వెతకలేదన్నది మీరు గమనించాలి. తమ యాప్‌లో జనం చేస్తున్న పనినే శ్రద్ధగా చూశారు. కష్టమైన భాగం తీసేయడం. తీసేసిన వాటిలో పెట్టుబడి తెచ్చిపెట్టిన అంశాలు కూడా ఉన్నాయి మరి.

దారి మార్చి కూడా మునిగిపోయిన సంస్థలు ఎన్నో ఉన్నాయి. వాటి కథలు చెప్పేవారు లేరు, కాబట్టి మన చెవిన పడవు. దారి మార్చడమే మంత్రం అనుకోవద్దు. ఏ ఆధారంతో మార్చారన్నదే అసలు ప్రశ్న.

ఇక మన మనసు మనకు ఎలా అడ్డుపడుతుందో చూద్దాం. 1976లో బారీ స్టా అనే పరిశోధకుడు వ్యాపార విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక కంపెనీలో రెండు విభాగాలున్నాయి, పరిశోధన కోసం కోటి డాలర్లు వాటిలో ఒకదానికి కేటాయించండి అన్నారు. కొంతమంది ఆ ఎంపిక తామే చేశారు. మరికొంతమందికి ఆ ఎంపిక ఇంతకుముందు వేరే అధికారి చేశాడని చెప్పారు. తర్వాత కొన్నేళ్ల ఫలితాలు చూపించి, ఇప్పుడు ఇంకో 2 కోట్ల డాలర్లున్నాయి, ఎలా పంచుతారు అని అడిగారు. ఎంచుకున్న విభాగం నష్టపోయినప్పుడు, దాన్ని తామే ఎంచుకున్నవారు దానికే అందరికంటే ఎక్కువ డబ్బు పోశారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. లెక్కలు ఒకటే, నష్టం ఒకటే. తేడా ఒక్కటే, ఆ నిర్ణయం నాది. నష్టం వచ్చినందువల్ల చెయ్యి వెనక్కి రావడం లేదు సరికదా, ఇంకా ముందుకు పోతోంది. స్టార్టప్‌లో మొదటి నిర్ణయం ఎప్పుడూ వ్యవస్థాపకుడిదే. అంటే మనందరం ఆ ప్రయోగంలో మొదటి గుంపులోనే ఉన్నాం.

పెట్టిన డబ్బు మీద మమకారం కూడా తక్కువది కాదు. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు ఒక నాటకశాల ఏడాది టిక్కెట్లు కొన్నవారికి, వారిలో లాటరీ పద్ధతిలో ఎంచిన కొందరికి, తగ్గింపు ఇచ్చి చూశారు. పూర్తి ధర చెల్లించినవారు సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలు చూశారు. ఆ డబ్బు ఎలాగూ తిరిగి రాదు. అయినా అదే మనిషిని సీటు దాకా నడిపించింది. నాటకం విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. జీతాలు ఇవ్వాల్సిన సంస్థలో ఇదే జరిగితే, పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు కూర్చుని ఉండగానే నగదు హరించుకుపోతుంది.

ఈ మమకారం నుంచి బయటపడడానికి ఇంటెల్ సంస్థలో జరిగిన ఒక సంభాషణ చెబుతాను. ఇంటెల్ అప్పటికే పెద్ద సంస్థ, స్టార్టప్ కాదు. కానీ ఈ విషయం అంత స్పష్టంగా కనిపించే సందర్భం నాకు మరొకటి దొరకలేదు. 1968లో పుట్టిన ఇంటెల్‌కు మెమరీ చిప్పులే పేరు తెచ్చాయి. 1980ల నాటికి జపాన్ సంస్థలు అవే చిప్పులను ఇంకా నాణ్యంగా, ఇంకా చౌకగా అమ్మడం మొదలుపెట్టాయి. 1985 మధ్యలో ఒక రోజు ఇంటెల్ అధ్యక్షుడు ఆండ్రూ గ్రోవ్ తన గదిలో సీఈవో గోర్డన్ మూర్‌తో కూర్చుని ఉన్నారు. ఏడాదిగా ఎటూ తేలని చర్చ అది. ఇద్దరిలోనూ ఉత్సాహం లేదు. గ్రోవ్ కిటికీలోంచి చూస్తే దూరాన వినోద పార్కులో జెయింట్ వీల్ తిరుగుతోంది. ఆయన మూర్ వైపు తిరిగి, మనల్ని బయటకు పంపించి బోర్డు కొత్త సీఈవోను తెస్తే అతను ఏం చేస్తాడని అడిగారు. మెమరీ చిప్పుల నుంచి బయటపడేస్తాడని మూర్ తడుముకోకుండా జవాబిచ్చారు. అలాంటప్పుడు మనమే ఆ తలుపు దాటి వెళ్లి, తిరిగి లోపలికొచ్చి ఆ పని ఎందుకు చేయకూడదని గ్రోవ్ అన్నారు.

ఈ సంభాషణను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు ఇంకా ముఖ్యమనిపించే సంగతి ఒకటుంది. అప్పటికే ఆ సంస్థ ఫ్యాక్టరీల్లో ఏ చిప్పు తయారుచేస్తే లాభం ఎక్కువో చూసి యంత్రాల సమయం కేటాయించే పద్ధతి ఉంది. ఆ పద్ధతి ప్రకారం మధ్యస్థాయి ఉద్యోగులు తయారీ సామర్థ్యాన్ని కొంచెం కొంచెంగా మెమరీ నుంచి, కంప్యూటర్‌కు మెదడులాంటి మైక్రోప్రాసెసర్ చిప్పులకు తరలిస్తూ వచ్చారు. పైవాళ్లు ఏడాదిపాటు మీనమేషాలు లెక్కిస్తుండగా కింద ఒక నియమం తన పని తాను చేసుకుపోయింది. ముందే రాసిపెట్టుకున్న నియమానికి ఉన్న బలం అది. దానికి మొహమాటం ఉండదు, పాత పేరు మీద మమకారం ఉండదు.

ఇదే సంగతిని స్టార్టప్‌లలో పరీక్షించి చూసినవారున్నారు. ఇటలీలో 116 స్టార్టప్‌లతో ఒక ప్రయోగం జరిగింది, దాని ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. సంస్థలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. రెండింటికీ 10 తరగతుల శిక్షణ ఇచ్చారు. మార్కెట్ నుంచి అభిప్రాయం ఎలా రాబట్టాలి, ఆలోచన నిలుస్తుందో లేదో ఎలా చూడాలి అన్నవి ఇద్దరికీ నేర్పారు. ఒక గుంపుకు మాత్రం అదనంగా ఒక అలవాటు నేర్పారు. మీ ఆలోచన ఎందుకు పనిచేస్తుందనుకుంటున్నారో ముందు వాదనగా కట్టండి, ఆ వాదనలోని ప్రతి ఊహనూ విడిగా చెప్పండి, అది తప్పయితే తప్పని తేలేలా పరీక్ష పెట్టండి అన్నారు. శాస్త్రవేత్త ప్రయోగశాలలో చేసే పనే ఇది. రెండో గుంపును వారి అంతర్బుద్ధికి వదిలేశారు. దాదాపు ఏడాదిపాటు రెండు గుంపులనూ గమనిస్తూ వచ్చారు.

ఊహలను పరీక్షించడం నేర్చుకున్నవారి సంస్థలు మెరుగ్గా నడిచాయి. వాళ్లే ఎక్కువగా దారి మార్చారు కూడా. కానీ వాళ్లు రెండో గుంపుకంటే ఎక్కువగా వ్యాపారం మానేసి వెళ్లిపోలేదు. నన్ను ఆకట్టుకున్నది ఈ చివరి మాట. లోపాలు వెతికితే ఉన్న ఉత్సాహం కూడా పోతుందని చాలామంది భయపడతారు. ఇక్కడ అలా జరగలేదు. నా ఆలోచనలో ఏ ముక్క విరిగిందో తెలిసినప్పుడు మిగతా ముక్కలు బాగున్నాయని కూడా తెలుస్తుంది. ఏమీ తెలియనివాడే మొత్తం పారేసి వెళ్లిపోతాడు, లేదా మొత్తం పట్టుకుని మునిగిపోతాడు.

ఆ కాగితం ఎలా ఉంటుందో ఇప్పుడు ఒక ఊహాజనిత సంస్థను పెట్టుకుని రాద్దాం. చిన్న వ్యాపారుల కోసం జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం అనుకోండి. మన ఆలోచన "చిన్న వ్యాపారులు మా సాఫ్ట్‌వేర్ కొంటారు" అని ఒక్క వాక్యంలా కనిపిస్తుంది. నిజానికి అందులో ఎన్నో ఊహలు దాక్కుని ఉన్నాయి. యజమానికి లెక్కలు రాయడం భారంగా ఉందన్నది ఒకటి. ఆ భారం డబ్బు పెట్టి వదిలించుకోవాలనేంత ఉందన్నది ఇంకొకటి, మొదటిది నిజమైనా ఇది నిజం కాకపోవచ్చు. యజమాని తానే కూర్చుని వివరాలు నింపుతాడన్నది మరొకటి. నెల తర్వాత కూడా నింపుతూనే ఉంటాడన్నది అన్నిటికంటే బలహీనమైనది. ఒక్కొక్క ఊహ పక్కన రెండు విషయాలు రాయాలి. ఎంత వస్తే నిజమనుకుంటాం, ఏ తేదీ లోపల రావాలి. ఉదాహరణకు, "మార్చి 31 నాటికి, చేరిన వంద మందిలో కనీసం 30 మంది నాలుగో వారంలోనూ స్వయంగా లెక్కలు నింపాలి." అంకె ఎంత ఉండాలన్నది వ్యాపారాన్ని బట్టి మారుతుంది, అందులో మీ విచక్షణ ఉండాల్సిందే. కానీ ఆ అంకె ఫలితం రాకముందే కాగితం మీద ఉండాలి. వచ్చాక రాస్తే, వచ్చిన అంకెనే సరిపోయిందంటాం. మంచి మనుషులు కూడా ఇలా చేస్తారు. దీనికి దురుద్దేశం అక్కర్లేదు, ఆశ చాలు.

ఇప్పుడు మార్చి 31 వచ్చింది. ముప్పై మంది కావాలనుకుంటే పదకొండు మందే మిగిలారు. కాగితం లేని జట్టు ఇక్కడ రెండుగా చీలిపోతుంది. బటన్ రంగు మార్చితే సరిపోతుందని ఒకరంటారు, అంతా అయిపోయిందని ఇంకొకరంటారు. కాగితం ఉన్న జట్టు ఆ పదకొండు మందికి ఫోను చేస్తుంది. అప్పుడు అందులో తొమ్మిది మంది యజమానులే కాదని, వారి లెక్కలు చూసే అకౌంటెంట్లని తెలిసిందనుకోండి. యజమాని పాస్‌వర్డు తీసుకుని వాళ్లు పని చేస్తున్నారు, ఒక్కొక్కరూ పదేసి మంది యజమానుల లెక్కలు చూస్తున్నారు. లెక్కలు భారమన్న ఊహ నిజమే, యజమాని స్వయంగా నింపుతాడన్నదే అబద్ధం. ఇప్పుడు కొనేవాడు మారాడు. ధర మారుతుంది, అమ్మే పద్ధతి మారుతుంది, సాఫ్ట్‌వేర్‌లో మొదటి తెర మారుతుంది. కోడ్ చాలావరకు అలాగే ఉంటుంది. దారి మార్చడమంటే ఎక్కువగా ఇలాంటిదే. గట్టిగా తేలిన ఊహ మీద కాలు ఆనించి, తప్పని తేలిన ఊహను మార్చడం.

ఆన్‌లైన్‌లో డబ్బు పంపే పేపాల్ మొదలైన తీరు కూడా ఇలాంటిదే. మాక్స్ లెవ్‌చిన్, పీటర్ థీల్ తదితరులు 1998 చివర్లో కాన్ఫినిటీ అనే సంస్థ పెట్టారు, తర్వాత అదే పేపాల్ అయింది. చేతిలో పట్టే పరికరాలకు భద్రత సాఫ్ట్‌వేర్ చేయాలన్నది మొదటి ఆలోచన. తర్వాత, పామ్ పైలట్ అనే చేతి పరికరం ఒకదాని నుంచి ఇంకోదానికి డబ్బు పంపే పద్ధతికి వచ్చారు. ఈమెయిల్ ద్వారా డబ్బు పంపే వెబ్‌సైటు దానికి అనుబంధంగా పెట్టింది. ఈబే అనే ఆన్‌లైన్ అంగడిలో వస్తువులు అమ్మేవారు ఆ వెబ్‌సైటును పట్టుకున్నారు. సంస్థలోవారికి మొదట ఇది అర్థం కాలేదు, వాళ్లను దూరం పెట్టాలని కూడా చూశారు. తమ వినియోగదారులు వీళ్లేనని తర్వాత గుర్తించారు. 2002లో ఈబేయే ఆ సంస్థను 150 కోట్ల డాలర్లకు కొంది. మనం పిలవని అతిథులు పదే పదే తలుపు తడుతుంటే, తలుపు వేసే ముందు ఎందుకొచ్చారో అడగాలి.

అడగడంలోనూ ఎవరిని అడగాలన్నది ఆలోచించాలి. జస్టిన్ టీవీ 2007లో ఒక వ్యక్తి టోపీకి కెమెరా తగిలించుకుని తన జీవితాన్ని ప్రసారం చేయడంతో మొదలైంది. తర్వాత ఎవరైనా ఏదైనా ప్రసారం చేసుకునే వేదిక అయింది. అందులో వీడియో గేములు ఆడుతూ ప్రసారం చేసేవారిది చిన్న భాగం. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎమెట్ షియర్ ఆ చిన్న భాగం మీద దృష్టి పెట్టినప్పుడు ప్రేక్షకులను అడగలేదు, ప్రసారం చేసేవారితో మాట్లాడారు. వేరే వేదికల మీద ప్రసారం చేసేవారితోనూ మాట్లాడారు. ఏ హంగులు కావాలని అడగకుండా, వారికి ఏం కావాలో, దేని కోసం ఇదంతా చేస్తున్నారో తెలుసుకున్నారు. 2011 జూన్‌లో గేముల ప్రసారాల కోసమే ట్విచ్ అనే వేదిక వచ్చింది, 2014లో అమెజాన్ దాన్ని 97 కోట్ల డాలర్లకు కొంది.

ఇప్పుడు అంకెలు చేసే మోసం గురించి చెప్పాలి. వాడేవారి మొత్తం సంఖ్య పెరుగుతోందంటే అంతా బాగుందని కాదు. జనవరిలో వంద మంది చేరారనుకుందాం. వారిలో ఫిబ్రవరిలో 40 మంది, మార్చిలో 18, ఏప్రిల్‌లో 8, మే నెలలో 3 మిగిలారు. ప్రకటనలకు ఖర్చు పెంచి ఫిబ్రవరిలో 150 మందిని, మార్చిలో 225 మందిని తెచ్చుకుంటూ పోతే మొత్తం సంఖ్య ప్రతి నెలా పెరుగుతూనే ఉంటుంది. పెట్టుబడిదారులకు చూపించే గీత పైకే పోతుంది. లోపల మాత్రం ఎవరూ నిలవడం లేదు. ఇంకో సంస్థలో వంద మంది 40 అయ్యారు, తర్వాత 24, తర్వాత 20, ఆ తర్వాత కూడా 20. అక్కడ గీత నేలను తాకకుండా అడ్డంగా సాగింది. ఆ 20 మందికి అది నిజంగా అవసరం. రెండో సంస్థ చిన్నదిగా కనిపించినా దాని దగ్గర పునాది ఉంది. మీ మొత్తం సంఖ్యను పక్కనపెట్టి, ఏ నెలలో చేరినవారిని ఆ నెల వరుసలో విడిగా రాసి చూడండి. చాలామంది భయపడి ఈ పట్టిక వేయరు.

స్టీవర్ట్ బటర్‌ఫీల్డ్ మాత్రం ఆ నిజాన్ని చూడడానికి భయపడలేదు. ఆయన సంస్థ టైనీ స్పెక్ 2011 సెప్టెంబరులో గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆట విడుదల చేసింది. చాలా అందమైన ఆట అది, ప్రాణం పెట్టి ఆడేవారు ఉండేవారు. మొత్తం మీద దాదాపు 1.7 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. 2012 చివరికి వచ్చేసరికి బ్యాంకులో ఇంకా సుమారు 50 లక్షల డాలర్లున్నాయి, ప్రకటనల వల్ల కొత్తవారు చేరుతూనే ఉన్నారు. ఆపమని ఎవరూ ఒత్తిడి చేయడం లేదు. కానీ చేరినవారిలో అత్యధికులు కొద్ది నిమిషాల్లోనే వెళ్లిపోయేవారు. ఆట, ఫోన్లలో పెద్దగా పనిచేయని ఫ్లాష్ సాంకేతికత మీద నడిచేది, జనమేమో మొబైల్ ఫోన్లకు తరలిపోతున్నారు. అభిమానులు ఎంత గాఢంగా ప్రేమించినా ఖర్చు రాబట్టేంత మంది ఎన్నటికీ పోగుపడరని ఆయనకు తేలిపోయింది. నవంబరులో ప్రకటించి, డిసెంబరు 9న ఆట మూసేశారు.

మిగిలిన డబ్బు తిరిగి ఇచ్చేస్తానని ఆయన పెట్టుబడిదారులతో అన్నారు. వాళ్లు వద్దన్నారు, ఇంకేదైనా చేయమన్నారు. అప్పుడు ఆయన దగ్గర మిగిలింది చిన్న జట్టు, ఆ డబ్బు, ఇంకొకటి. వాంకూవర్‌లోనూ అమెరికా నగరాల్లోనూ విడివిడిగా ఉన్న ఉద్యోగులు మాట్లాడుకోవడానికి ఐఆర్‌సీ అనే పాత చాట్ పద్ధతిని వాడేవారు. అందులో ఎవరైనా లేనప్పుడు వచ్చిన సందేశాలు వారికి కనిపించేవి కావు. దాంతో సందేశాలన్నీ భద్రపరిచే ఏర్పాటు ఒకటి చేసుకున్నారు. తర్వాత వాటిలో వెతికే వీలు కల్పించుకున్నారు. అవసరం పడినప్పుడల్లా ఒక్కో అమరిక జోడించారు. దాన్ని ఉత్పత్తిగా ఎవరూ అనుకోలేదు. ఆట పోయాక, ఇకముందు ఏ పని చేసినా ఇలాంటిది లేకుండా చేయలేం అనిపించింది. అదే, ఉద్యోగులు మాట్లాడుకునే స్లాక్ అనే సాఫ్ట్‌వేర్ అయింది. 2013 ఆగస్టులో పరిచయం చేసిన మొదటి రోజే 8 వేల మంది ఆహ్వానం అడిగారు, 2014 ఫిబ్రవరిలో అందరికీ విడుదలైంది, 2021లో సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ 2,770 కోట్ల డాలర్లకు కొంది.

ఈ కథలో అందరూ చివరి అంకెను చూస్తారు. నేను ఆ 50 లక్షల డాలర్లను చూస్తాను. ఇంకో ఆరు నెలలు ప్రకటనలకు పోస్తే అవి కరిగిపోయేవి. పీకల మీదికి వచ్చాక మూసేసి ఉంటే ఆ జట్టు చెదిరిపోయేది, స్లాక్ ఉండేదే కాదు.

దీనికి రెండో వైపు కూడా చెప్పకపోతే నేను మీకు అన్యాయం చేసినవాడిని అవుతాను. ప్రతి కష్టం దారి మార్చమన్న సంకేతం కాదు. 2009లో, ఇళ్లను బసకు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ వెబ్‌సైటు ఆదాయం వారానికి 200 డాలర్ల దగ్గర ఆగిపోయింది. అంతకుముందు కూడా పలుసార్లు ప్రారంభించారు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వ్యవస్థాపకులు వెబ్‌సైటులోని ఇళ్ల పేజీలన్నీ వరసగా చూస్తే, ఫొటోలు అధ్వానంగా ఉన్నాయి. వాళ్లు న్యూయార్క్ వెళ్లి, ఇంటింటికీ తిరిగి, మంచి కెమెరాతో ఫొటోలు తీశారు. వారం తిరిగేసరికి ఆదాయం రెట్టింపైంది. ఇక్కడ ఊహ తప్పు కాదు, ముక్కూమొహం తెలియనివారి ఇంట్లో డబ్బిచ్చి బస చేసేవారు ఉన్నారు. పని చేసిన తీరులో లోపం ఉంది. దారి మార్చే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఇదే. ఊహను నిజంగా పరీక్షించామా, లేక నాసిరకంగా చేసిన పనిని పరీక్షించామా? వినియోగదారు మీ వస్తువును సరిగా చూడనే లేదంటే, అతను తిరస్కరించాడని ఎలా అంటాం?

కొందరు దీనికి ఒక సులువైన ప్రశ్న వాడతారు, స్టార్టప్‌ల మార్కెటింగ్ నిపుణుడు షాన్ ఎలిస్ ప్రచారంలోకి తెచ్చినది. ఇకపై ఇది దొరకదంటే మీకెలా ఉంటుందని వాడేవారిని అడగడం. చాలా నిరాశ పడతామనేవారు 40 శాతం దాటితే పునాది ఉన్నట్టు. ఆయన అనుభవం నుంచి తీసిన గీత అది, ప్రకృతి నియమం కాదు. నాకు ఆ శాతం కంటే, చాలా నిరాశ పడతామన్నవారు ఎవరన్నది ఎక్కువ పనికొస్తుంది. వాళ్లంతా ఒకే రకం మనుషులైతే దారి అక్కడే కనిపిస్తుంది.

నిర్ణయం తీసుకున్నాక మనుషులకు చెప్పాలి. ఇందులో ఎక్కువ జాగ్రత్త కావాలి. మీ దగ్గర పనిచేసేవారు జీతం ఒక్కటే చూసి రాలేదు, మీరు చెప్పిన గమ్యాన్ని నమ్మి వచ్చారు. గ్లిచ్ మూసేస్తున్నామని చెబుతూ బటర్‌ఫీల్డ్ ఉద్యోగుల ముందు కంటతడి పెట్టారు. అక్కడితో ఆగకుండా, ఉద్యోగం పోయినవారి వివరాలు, వారి పనితనం అందరికీ కనిపించేలా ఒక పేజీ పెట్టి కొత్త ఉద్యోగాలు వెతికిపెట్టారు. ఆటగాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చే ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది ఆ ఆటలోని బొమ్మలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. పెట్టుబడిదారుల విషయంలో ఇవాన్ విలియమ్స్ చేసింది కూడా గుర్తుంచుకోండి. ఆయన ఓడియో అనే పాడ్‌కాస్ట్‌ల (ఇంటర్నెట్‌లో వినే కార్యక్రమాల) సంస్థ నడుపుతుండగా 2005లో ఆపిల్ తన పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్‌లోనే పాడ్‌కాస్ట్‌లు పెట్టేసింది. 2006లో ఓడియోలో ఒక చిన్న పక్క ప్రాజెక్టుగా ట్విట్టర్ పుట్టింది. ఆ ఏడాదే ఆయన పెట్టుబడిదారుల వాటాలు తిరిగి కొనేసి వారి డబ్బు వారికి ఇచ్చేశారు. ట్విట్టర్ పెరిగాక ఆ పని మీద విమర్శలొచ్చాయి. నా మటుకు నాకు, నమ్మి డబ్బిచ్చినవారికి దారి మారిందని చెప్పి, ఉంటారా వెళ్తారా అని అడగడం కనీస ధర్మం. వాడేవారికి కూడా వారి సమాచారం వెనక్కి తీసుకునే గడువు ఇవ్వాలి.

ప్రశ్నలు అడగండి.

(ఒక శ్రోత: మేం ఇద్దరం కలిసి పెట్టిన సంస్థ. నేను మారుద్దామంటాను, నా మిత్రుడు ఒప్పుకోవడం లేదు. ఎలా?)

వాదించడం ఆపండి. ఇద్దరూ వేరువేరు గదుల్లో కూర్చుని ఒకే ప్రశ్నకు జవాబు రాయండి. "ఏ విషయం తెలిస్తే నేను నా అభిప్రాయం మార్చుకుంటాను?" ఇద్దరి జవాబుల్లో ఏదో ఒకటి పరీక్షించగలిగినది దొరికితే, తేదీ పెట్టుకుని ఆ పరీక్ష చేయండి, ఫలితానికి ఇద్దరూ కట్టుబడండి. ఏం తెలిసినా నేను మారను అని ఎవరైనా రాస్తే, అది మీరు కావచ్చు, ఆయన కావచ్చు, అప్పుడు మీ సమస్య ఉత్పత్తిది కాదు. ఆ మనిషికి నిజంగా ఏం చేయాలని ఉందో కూర్చుని తీరిగ్గా మాట్లాడుకోవాలి. విడిపోవాల్సి వస్తే స్నేహం మిగిలి ఉండగానే విడిపోండి.

(మరో శ్రోత: ఎంత డబ్బు మిగిలి ఉన్నప్పుడు దారి మార్చాలి?)

మంచి ప్రశ్న. ఇంత శాతం అని చెప్పలేను, నెలల్లో లెక్క చెబుతాను. గ్లిచ్ ఆపేస్తున్నామని ప్రకటించింది 2012 నవంబరులో. స్లాక్ అందరికీ అందింది 2014 ఫిబ్రవరిలో. మధ్యలో 15 నెలలు. చేతిలో అప్పటికే పనిచేస్తున్న పనిముట్టు ఉండి, అనుభవం ఉన్న జట్టు ఉండి కూడా అంత కాలం పట్టింది. ఇన్‌స్టాగ్రామ్ లాగా కొన్ని వారాల్లో తేలిపోయేవి ఉంటాయి, కానీ దాన్ని నమ్ముకుని లెక్క వేయవద్దు. కొత్త దారిలో మీ మొదటి ఊహను పరీక్షించడానికి ఎన్ని నెలలు పడుతుందో చూసుకోండి, అది కూడా తప్పితే రెండోసారి ప్రయత్నించడానికి అన్ని నెలలు కలపండి, దాని మీద ఉద్యోగులకు ఇవ్వాల్సిన బకాయిలకు ఒక నెల కలపండి. చాలా చిన్న జట్లకు కూడా ఇది ఎనిమిది, తొమ్మిది నెలలకు తగ్గదు. ఈ సాయంత్రం మీ బ్యాంకు నిల్వను నెలసరి ఖర్చుతో భాగించి చూడండి. ఆరు కంటే తక్కువ వస్తే రేపు ఉదయం తరగతి మొదలయ్యే లోపు నన్ను కలవండి, ముందు ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో మీ జమాఖర్చులు దగ్గర పెట్టుకుని చూద్దాం.